సొంతంగా చదువుతూ ఎప్‌సెట్ మార్కులు పెంచుకోవడం: మీ ప్రశ్నలు, మా జవాబులు

కోచింగ్ లేకుండా ఎప్‌సెట్‌కి (తెలంగాణలో ఇంజినీరింగ్ తదితర కోర్సుల ప్రవేశ పరీక్ష) చదువుకుంటున్న పిల్లల నుంచి, వాళ్ల తల్లిదండ్రుల నుంచి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెప్పే అధ్యాపకులం కలిసి జవాబులు రాశాం. ఇంజినీరింగ్ విభాగం పేపర్‌లో 160 ప్రశ్నలు, 160 మార్కులు, 3 గంటలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పు రాస్తే మార్కులు కోయరు. కింది జవాబులన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

ప్ర: ఇంటర్ ఎంపీసీ పూర్తయింది. ఎప్‌సెట్‌లో 61 మార్కులు వచ్చాయి. లాంగ్‌టర్మ్ కోచింగ్ ఫీజు కట్టే స్తోమత మాకు లేదు. ఇంట్లోనే రోజుకి పది గంటలు చదువుతున్నాను. అయినా మాక్ టెస్టుల్లో 60, 65 దగ్గరే ఆగిపోతున్నాను. ఏ మెటీరియల్ కొంటే మంచిది?
– ఒక విద్యార్థిని, ఉప్పల్

జ: ఇప్పుడు ఏదీ కొనకండి. తెలుగు అకాడమీ పుస్తకాలు, ఒక బిట్ బ్యాంక్, పాత ప్రశ్నపత్రాలు మీ దగ్గర ఉంటే సరిపోతాయి. మార్కులు ఎక్కడ పోతున్నాయో తెలియకుండా కొత్త పుస్తకం మొదలుపెడితే, వచ్చిన చాప్టర్లే మళ్లీ చదువుతారు. వచ్చినవి చదువుతుంటే హాయిగా ఉంటుంది కాబట్టి గంటలు గడిచిపోతాయి, మార్కులు మాత్రం కదలవు.

ముందు ఒక పరీక్ష పెట్టుకుని ఈ విషయం తేల్చుకోండి. పాత పేపర్ ఒకటి తీసుకుని సరిగ్గా 3 గంటలు కూర్చోండి. రాసేటప్పుడే, ఊహించి పెట్టిన ప్రతి జవాబు పక్కన చిన్న చుక్క పెట్టండి. తర్వాత కీ చూసి ఏవి తప్పో గుర్తించి అక్కడితో ఆపేయండి. సొల్యూషన్ మాత్రం చూడొద్దు. మర్నాడు పొద్దున తప్పినవి, వదిలేసినవి, చుక్క పెట్టినవి అన్నీ ఖాళీ కాగితం మీద, గడియారం లేకుండా మళ్లీ చేయండి. ఇందులో ఒక పూట పోతుంది, పోనివ్వండి. వారం మొత్తంలో అంతకన్నా పనికొచ్చే పూట ఉండదు.

ఇప్పుడు ఆ ప్రశ్నలు రెండు కుప్పలుగా విడిపోతాయి. గడియారం లేకపోతే చేయగలిగినవి మొదటి కుప్ప. ఎంతసేపు కూర్చున్నా రానివి రెండో కుప్ప. మీకు వచ్చిన 61లో 15 చుక్క పెట్టినవే అనుకుందాం. అంటే నిజంగా తెలిసి తెచ్చుకున్నవి 46. మిగిలిన 114లో మర్నాడు 35 చేయగలిగారంటే, ఆ 35 మార్కుల చదువు మీకు ఇప్పటికే ఉంది, పరీక్ష హాల్లో బయటికి రావడం లేదు. అలాంటప్పుడు కొత్త చాప్టర్లు చదివినా ఉపయోగం తక్కువ, టైం పెట్టుకుని చేసే సాధన పెంచాలి. మర్నాడు కూడా పదో పన్నెండో మాత్రమే వచ్చాయంటే కథ వేరు, చాప్టర్లే కచ్చాగా ఉన్నాయి. అప్పుడు వారానికి మూడు టెస్టులు రాసినా అవే మార్కులు వస్తాయి. టెస్టులు పదిహేను రోజులకి ఒకటి చేసి, ఆ సమయం చాప్టర్లకి ఇవ్వండి.

రెండో పని తప్పుల పుస్తకం. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ తీసుకుని పేజీకి నాలుగు గళ్లు గీయండి: ప్రశ్న, చాప్టర్, తప్పు ఏ మెట్టులో ఎందుకు జరిగింది, మళ్లీ చేయాల్సిన తేదీలు. మూడో గడిలో 'సిల్లీ మిస్టేక్' అని ఎప్పుడూ రాయకండి. ఆ మాట రాస్తే దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. ఫార్ములా గుర్తులేదా, ఫార్ములా తెలిసి కూడా ఎక్కడ వాడాలో తట్టలేదా, మైనస్ గుర్తు పోయిందా, 'సరికానిది ఏది' అన్నదాన్ని 'సరైనది ఏది' అని చదివారా, టైం అయిపోయిందా, ఈ ఐదింట్లో ఏదో ఒకటి రాయండి. నాలుగో గడిలో 3 రోజులకి, 10 రోజులకి, 30 రోజులకి తేదీలు వేయండి. ఆ రోజు సొల్యూషన్ మూసి, మొదటి నుంచి చివరి దాకా చేయండి. మూడుసార్లూ వస్తేనే కొట్టేయండి. చాలామంది ఈ పుస్తకం శ్రద్ధగా రాస్తారు, తిరిగి తెరవరు. తెరవకపోతే రాసిన శ్రమంతా వృథా.

ఒక నెల అయ్యాక మూడో గడి మొత్తం లెక్కపెట్టండి. సగానికి పైగా 'ఎక్కడ వాడాలో తట్టలేదు' అని ఉంటే, చాప్టర్లు కలిపిన బిట్లు తక్కువ చేస్తున్నారని అర్థం. చాప్టర్‌వారీగా చేసేటప్పుడు ఏ ఫార్ములా వాడాలో పేజీ పైన హెడ్డింగే చెప్పేస్తుంది, పరీక్షలో ఆ హెడ్డింగ్ ఉండదు. అందుకే రోజూ సాయంత్రం పూర్తయిన చాప్టర్ల నుంచి కలగాపులగంగా 40 బిట్లు తీసుకుని 45 నిమిషాల్లో చేయండి.

కచ్చాగా ఉన్న చాప్టర్లలో ఏవి ముందు అని అడుగుతారు కాబట్టి అదీ చెబుతున్నాం. మ్యాథ్స్ సగం పేపర్ కాబట్టి అక్కడే మొదలుపెట్టండి. పార్షియల్ ఫ్రాక్షన్స్, హైపర్‌బాలిక్ ఫంక్షన్స్, ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ యాక్సెస్, మెజర్స్ ఆఫ్ డిస్పర్షన్, 3డీ కోఆర్డినేట్స్, ప్లేన్ చిన్న చాప్టర్లు. ఒక్కోటి ఒకటి రెండు రోజుల్లో పూర్తవుతుంది, ప్రశ్నలు కూడా పెద్దగా మెలికలు పెట్టవు. ఆ తర్వాత మ్యాట్రిసెస్, వెక్టర్స్, స్ట్రెయిట్ లైన్స్, సర్కిల్స్, కాంప్లెక్స్ నంబర్స్, క్వాడ్రాటిక్ ఎక్స్‌ప్రెషన్స్. డిఫరెన్షియేషన్ గట్టిపడకుండా ఇంటిగ్రేషన్ జోలికి వెళ్లకండి. ఇంటిగ్రేషన్‌లో ఏది దేని డెరివేటివో చూడగానే కనబడాలి, అది కనబడనివాళ్లకి వంద ఫార్ములాలు బట్టీ పట్టినా బిట్ రాదు.

ప్ర: మా అబ్బాయి తెలివైనవాడే. ఇంట్లో లెక్కలన్నీ చేస్తాడు. టెస్ట్ రాస్తే మాత్రం 45 ప్రశ్నలు అలాగే మిగిలిపోతాయి, టైం సరిపోలేదంటాడు. ఏం చేయాలి సార్?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జ: అమ్మా, 3 గంటలంటే 180 నిమిషాలు. 160 ప్రశ్నలకి పంచితే ఒక్కోదానికి 67 సెకన్ల చొప్పున వస్తుంది. మీ అబ్బాయి మొదటి ప్రశ్న నుంచి వరసగా చేస్తూ, రాని దగ్గర నాలుగైదు నిమిషాలు పట్టుబట్టి కూర్చుంటున్నాడేమో గమనించండి. బాగా చదివే పిల్లలకి ఈ అలవాటు ఎక్కువ. స్క్రీన్ మీద మ్యాథ్స్ ముందు కనబడుతుంది కాబట్టి రెండు గంటలు అక్కడే కరిగిపోతాయి. చివర్లో కెమిస్ట్రీకి ఇరవై నిమిషాలు కూడా మిగలవు.

కెమిస్ట్రీతో మొదలుపెట్టమనండి. 40 ప్రశ్నలకి 30 నిమిషాలు. కెమిస్ట్రీలో చాలా ప్రశ్నలు తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే లేనట్టు, ఆలోచిస్తూ కూర్చుంటే వచ్చేవి కావు. తర్వాత ఫిజిక్స్‌కి 45 నిమిషాలు, మ్యాథ్స్‌కి 95. చివరి 10 నిమిషాలు మిగిలినవాటికి. ప్రతి సబ్జెక్టునీ రెండు చుట్లు తిరగాలి. మొదటి చుట్టులో ప్రశ్న చదివిన పది పదిహేను సెకన్లలో దారి కనబడితేనే పెన్ను పెట్టాలి. దారి తెలిసినా పొడుగ్గా ఉందనిపిస్తే 'మార్క్ ఫర్ రివ్యూ' నొక్కి ముందుకెళ్లాలి. రెండో చుట్టులో అవి తీయాలి. దారే కనబడనివి ఆఖరికి.

ఆఖరున మాత్రం ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా ఉండకూడదు. నెగెటివ్ మార్కులు లేవు కదా. 45 ప్రశ్నలకి కళ్లు మూసుకుని ఏదో ఒక ఆప్షన్ పెట్టినా నాలుగింట ఒకటి లెక్కన సగటున 11 మార్కులు రావాలి. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే సగటు 22కి పెరుగుతుంది. ఆప్షన్లు కొట్టేయడం కూడా నేర్చుకునే విద్యే. ఫిజిక్స్‌లో యూనిట్లు కుదరని ఆప్షన్ పోతుంది. ప్రాబబిలిటీలో ఒకటి దాటిన విలువ పోతుంది. త్రిభుజంలో రెండు భుజాల మొత్తం కన్నా మూడోది పెద్దదైతే పోతుంది.

ఇంకో జాగ్రత్త. స్క్రీన్ మీద ఆప్షన్ ఎంచుకున్నాక 'సేవ్ అండ్ నెక్స్ట్' నొక్కాలి. అది నొక్కకుండా పక్కనున్న నంబర్ల పట్టీ నుంచి వేరే ప్రశ్నకి దూకితే జవాబు సేవ్ కాకుండా పోవచ్చు. ఎప్‌సెట్ వెబ్‌సైట్లో మాక్ టెస్ట్ పెడతారు. వేగం కోసం కాకపోయినా, ఈ బటన్లు చేతికి అలవాటు కావడానికైనా రెండు మూడుసార్లు రాయించండి. ఇంట్లో రాసే టెస్టులు కూడా వీలైనన్ని కంప్యూటర్ మీదే రాయాలి. స్క్రీన్ మీద చూసి కాగితం మీద లెక్క ఎత్తి రాసుకునేటప్పుడే గుర్తులు, పవర్లు తప్పుతుంటాయి.

ప్ర: మ్యాథ్స్‌లో ఆప్షన్ల నుంచి జవాబు పట్టే షార్ట్‌కట్స్ నమ్మొచ్చా? మా ఫ్రెండ్స్ వాటితోనే చేస్తున్నారు.
– ఒక విద్యార్థి, వనస్థలిపురం

జ: నమ్మొచ్చు. కాకపోతే ఎక్కడ మోసం చేస్తాయో తెలిసి వాడాలి. ఒక ఉదాహరణ చూడండి. 1/(1×3) + 1/(3×5) + ... ఇలా ఎన్ పదాల మొత్తం ఎంత అని అడిగారు. ఎన్ = 1 పెడితే మొత్తం 1/3. ఆప్షన్లలో ఎన్/(2ఎన్+1) ఉంది, విలువ 1/3, సరిపోయింది. కానీ పక్కనే ఎన్/(ఎన్+2) కూడా ఉంది, దాని విలువా 1/3. తొందరపడినవాళ్లు ముందు కనబడినదాన్ని టిక్ పెట్టేస్తారు. ఎన్ = 2 కూడా పెట్టి చూడండి. 1/3 + 1/15 = 2/5. మొదటి ఆప్షన్ 2/5 ఇస్తుంది, రెండోది 1/2 ఇస్తుంది. తేలిపోయింది. ఒక విలువకి రెండు ఆప్షన్లు కుదిరితే మరో విలువ పెట్టి తేల్చకుండా టిక్ పెట్టొద్దు.

ట్రిగనామెట్రీలో తీటాకి 45 డిగ్రీలు పెట్టడం మరో గుంట. అక్కడ సైన్, కాస్ ఒకటే విలువ, టాన్, కాట్ రెండూ 1. దాంతో రెండు మూడు ఆప్షన్లు ఒకేలా కనబడతాయి. 0 పెడితే కాట్, కొసెక్ అసలు ఉండవు. 30 పెట్టుకోండి, అన్నీ విడివిడిగా తేలతాయి. మ్యాట్రిక్స్ ప్రశ్నల్లో యూనిట్ మ్యాట్రిక్స్ పెట్టి చూసేవాళ్లు కూడా ఇలాగే పడతారు. దాని ఇన్వర్స్ అదే, ట్రాన్స్‌పోజ్ అదే, స్క్వేరూ అదే, ఇక తేడా ఎక్కడ తెలుస్తుంది? డయాగనల్‌లో 2, 3 ఉన్న మ్యాట్రిక్స్ తీసుకుంటే ఇన్వర్స్, స్క్వేర్ విడిపోతాయి. ప్రశ్నలో ట్రాన్స్‌పోజ్ ఉంటే డయాగనల్‌ది కూడా చాలదు, పక్క గడిలో ఒక అంకె వేసుకోవాలి.

షార్ట్‌కట్ ఆ చాప్టర్ మామూలు పద్ధతిలో వచ్చాకే నేర్చుకోవాలన్నది మా గట్టి అభిప్రాయం. ప్రశ్న కాస్త మారితే షార్ట్‌కట్ ఆగిపోతుంది, అప్పుడు పట్టుకోవడానికి అసలు పద్ధతి చేతిలో ఉండాలి.

ప్ర: ఫిజిక్స్ ఫార్ములాలన్నీ గోడకి అంటించుకుని నేర్చుకున్నాను. అయినా బిట్లు రావడం లేదు. 40కి 12 దాటడం లేదు.
– ఒక విద్యార్థిని, మల్కాజిగిరి

జ: గోడమీది చార్టులో ఫార్ములా ఉంటుంది, అది ఎప్పుడు చెల్లదో ఉండదు. ప్రశ్న తయారుచేసేవాళ్లు సరిగ్గా అక్కడే పట్టుకుంటారు. ప్రొజెక్టైల్ రేంజ్ ఫార్ములా, యూ స్క్వేర్ సైన్ 2తీటా బై జీ, వస్తువు విసిరిన ఎత్తులోనే మళ్లీ పడితేనే పనిచేస్తుంది. బిల్డింగ్ పైనుంచి విసిరిన బంతికి అదే వాడి తప్పు తెచ్చుకునేవాళ్లు ఎందరో. అలాగే వీ = యూ + ఏటీ యాక్సిలరేషన్ మారనప్పుడే. స్ప్రింగ్‌కి కట్టిన బ్లాక్‌కి అది పనికిరాదు, ఎనర్జీ దారిలో వెళ్లాలి.

చార్టు తీసేసి, ఒక్కో ఫార్ములాకి సగం పేజీ ఇవ్వండి. ప్రతి అక్షరం ఏమిటి, దాని యూనిట్ ఏమిటి, ఏ షరతు మీద చెల్లుతుంది, దానితో చేసిన ఒక లెక్క, చెల్లని ఒక లెక్క. రోజుకి ఐదారు కన్నా ఎక్కువ వద్దు. యూనిట్లు ముందే మార్చేసుకుని తర్వాతే లెక్కలోకి దిగండి. సెంటీమీటర్లు మీటర్లలోకి, గ్రాములు కిలోల్లోకి, గంటకి కిలోమీటర్లని 5/18తో గుణించి సెకనుకి మీటర్లలోకి. మధ్యలో మార్చేవాళ్లు ఒకటి మార్చి ఒకటి మరిచిపోతారు, ఆ తప్పుడు విలువ కూడా ఆప్షన్లలో ఉంటుంది.

12 నుంచి ముందుకి కదలాలంటే మెకానిక్స్‌తో కుస్తీ కాస్త ఆపి సెకండియర్ చివరి చాప్టర్లు పట్టండి: డ్యూయల్ నేచర్, ఆటమ్స్, న్యూక్లియై, సెమీకండక్టర్స్, వాటితోపాటు రే ఆప్టిక్స్. ఇక్కడ చాలా ప్రశ్నలు ఒకే మెట్టులో తేలతాయి. ఉదాహరణకి ఫోటోఎలక్ట్రిక్ లెక్కల్లో ప్లాంక్ స్థిరాంకం, కాంతివేగం విడివిడిగా వేసి గుణించక్కర్లేదు. 1240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఫోటాన్ ఎనర్జీ ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. 400 నానోమీటర్లంటే 3.1. వర్క్ ఫంక్షన్ 2 అయితే గరిష్ఠ కైనెటిక్ ఎనర్జీ 1.1, స్టాపింగ్ పొటెన్షియల్ 1.1 వోల్టులు. ఇరవై సెకన్ల పని. అవి గట్టిపడ్డాక మెకానిక్స్‌కి రండి. మొత్తానికి వదిలేయమని మాత్రం అనడం లేదు. ఫస్టియర్ ఫిజిక్స్‌లో అదే పెద్ద భాగం.

ప్ర: కెమిస్ట్రీలో ఇనార్గానిక్ ఎంత చదివినా మర్చిపోతున్నాను.
– ఒక విద్యార్థి, సంగారెడ్డి

జ: చదవడం తగ్గించి రాయడం పెంచండి. తెలుగు అకాడమీ పుస్తకంలో పీ-బ్లాక్ గ్రూపు ఒకటి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా ఒక కాగితం మీద రాయండి. పుస్తకం తెరిచి, రాయలేకపోయినవి మాత్రమే ఎర్ర పెన్నుతో చేర్చండి. మర్నాడు ఎర్ర అక్షరాలతో ఉన్నవే చూడండి. ఆర్గానిక్‌కి ఒక పెద్ద చార్టు మీద ఏ రియేజెంట్ దేన్ని దేనిగా మారుస్తుందో బాణాలతో గీసుకోండి, వారానికి ఒకసారి చూడకుండా గీయండి. ఫిజికల్ కెమిస్ట్రీలో మోల్ కాన్సెప్ట్ రాకపోతే సొల్యూషన్స్, ఎలక్ట్రోకెమిస్ట్రీ, కైనెటిక్స్ ఏవీ రావు. అది ముందు. అలాగే గాఢత 10 పవర్ మైనస్ 8 ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 8 అని పెట్టేవాళ్లు ఏటా ఉంటారు. ఎంత పలచన చేసినా ఆమ్లం క్షారం అవదు. నీటి నుంచి వచ్చే హైడ్రోజన్ అయాన్లు కూడా కలపాలి, అప్పుడు 7కి కాస్త తక్కువ వస్తుంది.

ప్ర: నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం. బిట్ బ్యాంకులన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. నాకు కష్టమేనా?
– ఒక విద్యార్థి, మేడ్చల్

జ: పరీక్షలో తెలుగు కూడా ఉంటుంది. దరఖాస్తు చేసేటప్పుడే భాష ఎంచుకోవాలి, ఆ గడి జాగ్రత్తగా నింపండి. సిలబస్ మీరు చదివిన ఇంటర్ సిలబసే. అడ్డం వచ్చేది మాటలే. చాప్టర్‌కి పాతిక ముప్పై మాటలు రెండు వరసల్లో రాసుకోండి: ద్రవ్యవేగం – మొమెంటం, త్వరణం – యాక్సిలరేషన్, అభిలంబం – నార్మల్, స్పర్శరేఖ – టాంజెంట్, పరావలయం – పారబోలా. రెండు నెలల్లో ఇంగ్లీషు బిట్లు చదవడానికి ఇబ్బంది పోతుంది. పరీక్షలో తెలుగు వాక్యం అర్థం కాకపోతే పక్కనున్న ఇంగ్లీషు వాక్యం కూడా చూడగలుగుతారు. రెండూ చదవగలగడం మీకు బలం.

ప్ర: మా ఇల్లు ఒకటే గది. చదువుకోవడానికి చోటు లేదు.
– ఒక విద్యార్థిని, బోరబండ

జ: చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. పోటీ పరీక్షలకి చదివేవాళ్లతో చిక్కడపల్లి రద్దీగా ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి. అంత దూరం వద్దనుకుంటే మీ దగ్గరలోని శాఖా గ్రంథాలయం చూడండి. పుస్తకాలకి డబ్బు ఇబ్బందైతే కోఠిలో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతవి దొరుకుతాయి. కొనేముందు సిలబస్ మారలేదని చూసుకోండి, జవాబులు ముందే టిక్ పెట్టేసిన బిట్ బ్యాంక్ మాత్రం కొనకండి.

ప్ర: ఇంటర్ మార్కులు ర్యాంకులో కలుపుతారా? జేఈఈ మెయిన్‌కి కూడా చదువుతున్నాను, రెండూ కుదురుతాయా?
– ఒక విద్యార్థి, ఎల్బీనగర్

జ: తెలంగాణలో ఇంటర్‌కి ఉన్న 25 శాతం వెయిటేజీని 2023లో ఎత్తేశారు. ర్యాంకు ఎప్‌సెట్ మార్కుల మీదే. అలాగని ఇంటర్ వదిలేయకూడదు. గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వుడ్ వర్గాలవారికి 40 శాతం ఉండాలి. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలకి 300 మార్కులు, ఒప్పుకి 4, తప్పుకి 1 కోత. ఒక్కో ప్రశ్నకి రెండు నిమిషాలకి పైగా దొరుకుతుంది. సిలబస్ చాలా వరకు కలుస్తుంది కానీ పరీక్ష రాసే అలవాట్లు ఎదురెదురు. అక్కడ అనుమానం ఉన్నది వదలాలి, ఇక్కడ వదలకూడదు. అందుకని జేఈఈ అయ్యాక కనీసం మూడు వారాలు ఎప్‌సెట్ తరహా టెస్టులే రాయండి, లేకపోతే జేఈఈ నిదానమే ఇక్కడికీ వస్తుంది.

ప్ర: కీ చూసుకుంటే 84 వచ్చాయి, ర్యాంక్ కార్డులో వేరే సంఖ్య ఉంది. తప్పు జరిగిందా?
– ఒక తండ్రి, నిజాంపేట

జ: లేదు. పరీక్ష అనేక సెషన్లలో జరుగుతుంది, అన్ని పేపర్లూ ఒకే కష్టంతో ఉండవు. ఆ తేడా సరిచేయడానికి నార్మలైజేషన్ చేస్తారు. ర్యాంకు ఆ సరిచేసిన మార్కుల మీద వస్తుంది. ప్రిలిమినరీ కీ వచ్చినప్పుడు రెస్పాన్స్ షీట్ డౌన్‌లోడ్ చేసి సరిచూడండి. అభ్యంతరాలు చెప్పడానికి గడువు అప్పుడే ఉంటుంది, తర్వాత వినరు.

ప్ర: చివరి పది రోజులు ఎలా చదవాలి?
– అనేకమంది పాఠకులు

జ: కొత్త చాప్టర్ ఏదీ తెరవకండి. పొద్దున తప్పుల పుస్తకం, మధ్యాహ్నం ఫార్ములా పేజీలు. రోజు విడిచి రోజు ఒక పూర్తి టెస్ట్. హాల్‌టికెట్‌లో మీ సెషన్ పొద్దున 9 గంటలకా, మధ్యాహ్నం 3 గంటలకా చూసి టెస్టులు ఆ వేళకే రాయండి. మధ్యాహ్నం నిద్రపోయే అలవాటున్న పిల్లలకి 3 గంటల సెషన్ పడితే మొదటి అరగంట మబ్బుగా గడుస్తుంది, ఆ అలవాటు ఈ పది రోజుల్లోనే మానాలి. చివరి టెస్ట్ పరీక్షకి రెండు రోజుల ముందు. ముందురోజు టెస్ట్ వద్దు, మార్కులు తగ్గితే ఆ దిగులుతోనే హాల్లోకి వెళ్తారు.

సెంటర్ చాలామందికి ఊరి అంచున పడుతుంది. ముందురోజే వెళ్లి గేటు దాకా చూసి రండి. బస్సు ఎక్కడ దిగాలి, అక్కడి నుంచి ఆటో దొరుకుతుందా అన్నది కూడా. నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు కాబట్టి గంటన్నర ముందుగా చేరేలా బయల్దేరండి. వేలిముద్రలు తీసుకుంటారు, అందుకని ఆ వారం చేతులకి మెహందీ పెట్టుకోవద్దు. లోపల మానిటర్, మౌస్ సరిగా పనిచేస్తున్నాయో టైమర్ మొదలవక ముందే చూసుకోండి. ఏదైనా ఇబ్బంది ఉంటే చేయి ఎత్తి వెంటనే ఇన్విజిలేటర్‌కి చెప్పండి.